ఉసిరి రెమ్మ మీద ఉన్నది ఒక ఆకా, యాభై ఆకులా? బడి ఆకుల సేకరణలో సందేహాలు

హైస్కూల్_జీవశాస్త్రం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతి పిల్లలతో ఆకుల సేకరణ మొదలుపెట్టాం. అన్నీ ఊళ్ళో దొరికేవే: వేప, చింత, కానుగ, మునగ, మారేడు, నిమ్మ, ఉసిరి, బొప్పాయి, ఆముదం, అరటి, సరుగుడు, ప్రహరీ వెంట నరమామిడి. సరళ పత్రాలు (ఒకే పలక ఉన్న ఆకులు) ఒక వరస, సంయుక్త పత్రాలు (పత్రకాలనే చిన్న పలకలుగా విడిపోయిన ఆకులు) ఒక వరస పెట్టమంటే మూడు చోట్ల చిక్కు వచ్చింది.

1. ఉసిరిని పిల్లలంతా చింతాకు పక్కన పెట్టారు. ఒక గైడులో సరళం అని, ఇంకో గైడులో సంయుక్తం అని ఉంది. నిమ్మకి కూడా ఇదే గొడవ. నరమామిడి రెమ్మని కూడా సగం మంది ఒకటే పెద్ద ఆకు అంటున్నారు.

2. చింత, వేప ఆకుల్ని పుస్తకాల మధ్య పెడితే నాలుగో రోజుకి పత్రకాలన్నీ రాలిపోయి ఉత్త కాడ మిగులుతోంది.

3. పత్రరంధ్రాలు (ఆకు మీద గాలి ఆడే సన్నని రంధ్రాలు) చూపిద్దామని మామిడాకు పొర తీయబోతే ఆకు చిరుగుతోంది తప్ప పొర రావట్లేదు. మైక్రోస్కోపుకి 10, 40 ఆబ్జెక్టివ్‌లు ఉన్నాయి. కణాలకి పట్టించే ఎర్ర రంగు, సఫ్రనిన్ ఉంది.

పట్టిక కంఠస్థం చేయించడం నాకిష్టం లేదు. పిల్లలు చెట్టు దగ్గర నిలబడి తామే తేల్చుకునే గుర్తు ఏదైనా చెప్పండి.

బోటనీ_లెక్చరర్

టీచర్ గారూ, ఉసిరిది సరళ పత్రమే. మీ పిల్లలు చింతాకు పక్కన పెట్టినది ఆకు కాదు, రెమ్మ. దాని మీదున్న ఒక్కో చిన్న పలకా ఒక్కో పూర్తి ఆకు.

చెట్టు దగ్గర తేల్చే గుర్తు మొగ్గ. ఆకు కాడ కొమ్మని కలిసే చోట పైవైపు మూలని గ్రీవం అంటాం. అక్కడ చిన్న మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గే రేపు కొమ్మ అవుతుంది, లేదా పూత అవుతుంది. ఆకు మొదలయ్యేది మొగ్గ ఉన్న చోటే. సంయుక్త పత్రంలో పత్రకాల మొదట్లో మొగ్గలుండవు, మొత్తం ఆకుకి కలిపి అడుగున ఒకటే ఉంటుంది. ఆకు ఎంత పెద్దదైనా, ఎన్ని ముక్కలుగా చీలినా లెక్క ఇదే.

దీన్ని కానుగ మీద నేర్పించండి. కానుగలో 5 లేక 7 పెద్ద పత్రకాలు, చివర ఒకటి ఒంటరిగా, అడుగున మొగ్గ స్పష్టంగా కనబడుతుంది. చింతలో మొగ్గ మరీ చిన్నది, 10 రెట్ల చేతి లెన్సు కావాలి. ఒక ఆకుని తుంచి ఇస్తే పిల్లలకి మొగ్గ దొరికే దారే లేదు. కాబట్టి ప్రతి నమూనా మూడు నాలుగు కణుపులున్న కొమ్మ ముక్కతో రావాలి. చూపు కూడా కొమ్మ నుంచి బయటికి నడవాలి. కొస నుంచి లోపలికి చూసుకుంటూ వస్తే మొదట కనబడిన పలకనే ఆకు అనుకుంటారు.

మొగ్గ దొరక్కపోతే ఇంకో రెండు చూడండి. రెమ్మ కొసన లేత మొగ్గ ఉంటుంది, అది పెరుగుతూ పోతుంది. సంయుక్త పత్రం కొసన పత్రకమో, మొండి ముక్కో ఉండి పెరుగుదల ఆగిపోతుంది. రెండోది పుచ్ఛాలు, అంటే ఆకు అడుగున ఇరువైపులా ఉండే చిన్న పొలుసులు. ఇవి అన్ని మొక్కలకీ ఉండవు, ఉన్న చోట మాత్రం బాగా పనికొస్తాయి. తుమ్మకి జంటగా ఉండే ముళ్ళు పుచ్ఛాలే, అంటే ఆ ముళ్ళ జత ఉన్న చోటు ఒక ఆకు మొదలు. చిక్కుడు, కంది లాంటి వాటిలో పత్రకాల దగ్గర కూడా సన్నని పొలుసులుంటాయి, వాటిని పుచ్ఛాలని పొరబడకూడదు.

ఇప్పుడు ఉసిరి. దీని ముదురు కొమ్మల మీద పచ్చని ఆకులుండవు, పొలుసులే ఉంటాయి. పచ్చని ఆకులన్నీ సన్నని పక్క రెమ్మల మీద రెండు వరసల్లో ఉంటాయి. ఆకు రాలే కాలంలో రెమ్మ రెమ్మే ఊడి పడుతుంది, సంయుక్త పత్రం రాలినట్టే. గైడు రాసేవాళ్ళని తప్పుదారి పట్టించేది ఈ లక్షణమే. పూత సమయంలో చూస్తే అనుమానమే మిగలదు: ప్రతి చిన్న ఆకు మూలలోనూ పసుపు కలిసిన ఆకుపచ్చ పూలు గుత్తులుగా ఉంటాయి. మామూలు పత్రకం మూలలో పువ్వు పూయదు. ఉసిరి పూత దొరకని నెలల్లో నేల ఉసిరి చాలు. వానాకాలం బడి ఆవరణలోనే మొలుస్తుంది. రెమ్మని వెనక్కి తిప్పితే ప్రతి ఆకు కింద ఆవగింజంత కాయ వేలాడుతూ ఉంటుంది. నా ఉద్దేశంలో సంయుక్త పత్రం పాఠానికి ఇంతకన్నా మంచి మొక్క లేదు.

నరమామిడిది కూడా సరళ పత్రమే. ఆకులు ఏకాంతరంగా (కణుపుకి ఒకటి చొప్పున) రెండు వరసల్లో, అంచులు అలలు అలలుగా ఉంటాయి. వేలాడే రెమ్మ వల్ల ఒకటే ఆకులా కనబడుతుంది, కానీ ప్రతి ఆకు మూలలోనూ మొగ్గ ఉంది. చాలా ఊళ్ళలో దీన్నే అశోక చెట్టు అంటారు. అసలు అశోక వేరు. దానిది నిజంగా సంయుక్త పత్రం, 3 నుంచి 6 జతల పత్రకాలు, లేతాకు రాగి రంగులో వాలిపోయి ఉంటుంది. రెండూ దొరికితే పక్కపక్కన అంటించండి.

నిమ్మ మాత్రం సంయుక్త పత్రం కిందికే వస్తుంది, ఒకే పత్రకం ఉన్న సంయుక్త పత్రం. కాడ, పలక కలిసే చోట ఒక అతుకు కనబడుతుంది. ముదురాకుని ఆ అతుకు దగ్గర నెమ్మదిగా వంచితే పలక ఒక్కటే విడిపోయి కాడ చెట్టుకి మిగిలిపోతుంది. మామిడాకుని ఇలా విడదీయలేరు. దీని చుట్టాల్ని చూస్తే కారణం అర్థమవుతుంది. నిమ్మ కుటుంబంలోనే కరివేపాకుకి పత్రకాలు చాలా ఉంటాయి, వెలగకి 5 నుంచి 7, మారేడుకి 3, నిమ్మకి 1. వెలగలో పత్రకాల మధ్య కాడకి సన్నని రెక్కలుంటాయి. పంపర పనసలో పలక కింది కాడకి వెడల్పైన రెక్క ఉంటుంది. కరివేపాకు, వెలగ, మారేడు, నిమ్మ నాలుగూ ఒకే అట్ట మీద వరసగా పెడితే పత్రకాలు తగ్గుతూ రావడం పిల్లలకి కళ్ళకి కట్టినట్టు కనబడుతుంది. నిమ్మ ముల్లు కూడా ఆకు మూలలోనే, మొగ్గ పక్కన వస్తుంది. తుమ్మ ముల్లు పుచ్ఛం, నిమ్మ ముల్లు మారిన కొమ్మ.

శేషాచలం_బాట

పై వివరణకి కొన్ని కలుపుతాను, ఎందుకంటే ఊరి పేర్లే కొన్నిసార్లు పిల్లల్ని తప్పుదోవ పట్టిస్తాయి.

ఏడాకుల పాల: పేరులో ఏడు ఉంది కదా అని బూరుగ పక్కన పెట్టేస్తారు. అవి నిజంగానే విడివిడి ఆకులు, ఒకే కణుపు చుట్టూ 4 నుంచి 7 వరకు, చక్రీయ విన్యాసం. గన్నేరుకి కణుపుకి 3. బూరుగలో మాత్రం ఒక పొడవాటి కాడ కొసన 5 నుంచి 7 పత్రకాలు కలుస్తాయి, అది హస్తాకార సంయుక్త పత్రం. తేడా సులువు: పలకలు కలిసిన చోటు నుంచి కాండం ఇంకా పైకి పోతే చక్రీయం. అక్కడితో ఆగిపోతే హస్తాకారం. గన్నేరు పాలు విషం, పిల్లల చేత కోయించకండి.

కర్రపెండలం, బొప్పాయి, ఆముదం మూడూ సరళ పత్రాలే. తమ్మెలు (పలక అంచు చీలి ఏర్పడే భాగాలు) ఎంత లోతుగా చీలినా అడుగున పలక కలిసే ఉంటుంది, ఏ తమ్మెకీ సొంత కాడ గాని అతుకు గాని లేదు. కర్రపెండలంలో చీలిక అడుగు దాకా వస్తుంది కాబట్టి అక్కడ లెన్సు పెట్టి చూడాలి. ఆముదంలో ఇంకో విశేషం: కాడ అంచుకి కాక పలక లోపలి భాగానికి అతుకుతుంది, తామరాకు లాగా.

మునగలో మూరెడు రెమ్మ అనుకునేదంతా ఒకే ఆకు. మూడుసార్లు చీలింది, అంటే త్రిపిచ్ఛాకారం. చింత, కానుగ ఒకసారి, తుమ్మ రెండుసార్లు, మునగ మూడుసార్లు. కూరకి దూసేది పత్రకాల్ని.

వేప గురించి ఒక జాగ్రత్త. చివరి పత్రకం చాలా ఆకుల్లో ఉండదు, కొన్నిటిలో ఉంటుంది. ఒకే చెట్టు మీద రెండూ దొరుకుతాయి. సరి, బేసి లెక్క పెట్టి వేపని గుర్తుపట్టమనకండి. రంపపు పళ్ళ అంచు, పత్రకం అడుగున రెండు పక్కలూ సమానంగా లేకపోవడం నమ్మదగ్గ గుర్తులు.

సరుగుడు మీ జాబితాలో ఉంది కాబట్టి: ఆ పచ్చని పుల్లలు ఆకులు కావు, సన్నని రెమ్మలు. పుల్లని రెండు చేతుల్తో లాగితే అతుకు దగ్గర ఊడుతుంది. అతుకు చుట్టూ ఏడెనిమిది చిన్న పళ్ళు లెన్సులో కనబడతాయి. అసలు ఆకులు అవే, పొలుసుల్లాగా కుంచించుకుపోయాయి. ఆహారం తయారుచేసే పని రెమ్మ చేస్తుంది. బ్రహ్మజెముడు పలక కూడా కాండమే.

దీనికి ఎదురుగా పెట్టదగ్గది రోడ్ల పక్కన నాటే ఆస్ట్రేలియా తుమ్మ. కొడవలిలా వంగిన దాని పచ్చని పలక ఆకు పలక కాదు, వెడల్పైన పత్రవృంతం, అంటే ఆకు కాడ. పాఠ్యపుస్తకాల్లో ప్రభాసనం అనేది ఇదే. చెట్టు కింద మొలకలు వెతకండి. మొదటి ఆకులు మామూలు తుమ్మలాగే సన్నని పత్రకాలతో వస్తాయి, తర్వాతి ఆకుల్లో కాడ వెడల్పై కొసన పత్రకాలు మిగిలి ఉంటాయి, ఆపైన ఉత్త పలకలే. రెండు మూడు వయసుల మొలకలు దొరికితే మార్పు మొత్తం ఒకే అట్ట మీద చూపించొచ్చు.

హెర్బేరియం_పని

రెండో ప్రశ్నకి. చింత పత్రకాలు రాలడానికి కారణం ఎండే వేగం తక్కువ కావడం. కోసిన తర్వాత కూడా ఆకులో కణాలు కొన్ని రోజులు బతికే ఉంటాయి. ఈలోగా పత్రకం అడుగున విడిపోయే పొర తయారై పత్రకం ఊడుతుంది. కాబట్టి కణాల్ని ముందే చంపాలి.

పద్ధతి ఇది. పొద్దున, మంచు ఆరాక కోయండి. చింత పత్రకాలు సాయంత్రానికి ముడుచుకుంటాయి, అప్పుడు కోస్తే విప్పి పరచడం కష్టం. కోసిన వెంటనే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. రెమ్మని మరుగుతున్న నీళ్ళలో అయిదారు సెకన్లు ముంచి తీయండి (ఈ పని టీచరే చేయాలి). పాత బట్ట మీద తడి అద్ది, న్యూస్‌పేపర్ మడతలో పరచండి. నీళ్ళు వద్దనుకుంటే రెండు కాగితాల మధ్య పెట్టి ఆవిరి లేని ఇస్త్రీ పెట్టెతో నొక్కవచ్చు. ఒక చోట పది సెకన్లకి మించి ఉంచితే ఆకు గోధుమరంగుకి తిరుగుతుంది.

పరిచేటప్పుడు ఒకటి రెండు పత్రకాల్ని వెనక్కి తిప్పి పెట్టండి. అడుగువైపు ఈనెలు, నూగు, గ్రంథులు తర్వాత చూడాలంటే అదొక్కటే దారి. ఒక్కో నమూనాకి పైన నాలుగు, కింద నాలుగు న్యూస్‌పేపర్లు వేసి, పైన చెక్క పలక, దాని మీద నాలుగైదు ఇటుకలు పెట్టండి. పుస్తకాల మధ్య పెట్టడం వల్లే సగం నష్టం జరుగుతుంది, పుస్తకం కాగితం తడి పీల్చదు. మొదటి కాగితాలు మర్నాడే మార్చాలి, ఆ తర్వాత వారం పాటు రోజూ. మొదటిసారి మార్చేటప్పుడు ఆకు ఇంకా మెత్తగా ఉంటుంది, ముడతలు సర్దుకోవడానికి అదే అదను. ఎండాకాలం వారం పది రోజుల్లో ఎండుతుంది, వానల్లో రెండు వారాలు కూడా పట్టొచ్చు. ఎండిన ఆకుని చెంపకి ఆనిస్తే చల్లగా అనిపించకూడదు. చల్లగా ఉంటే లోపల తడి ఉన్నట్టే, అట్టకి అంటిస్తే బూజు పడుతుంది.

అట్ట కొలత 42 × 29 సెంటీమీటర్లు. బొప్పాయి ఆకు సగం మడవండి. అరటాకు మొత్తం పట్టదు కాబట్టి నడిమి ఈనె, ఒక వైపు పలక వచ్చేలా జానెడు ముక్క కోసి, చెట్టు మీద ఆకు పొడవు చీటీ మీద రాయండి. కాడల దగ్గర దారంతో కుట్టండి. ఆకు మొత్తానికి జిగురు పూస్తే తర్వాత అడుగువైపు కనబడదు. కుడి చేతి కింద మూల చీటీలో ఊరు, తేదీ, చెట్టా పొదా తీగా, పువ్వు రంగు, ఏకాంతరమా అభిముఖమా (కణుపుకి ఎదురెదురుగా రెండా) రాయించండి. పువ్వు రంగు ఎండితే పోతుంది, అందుకే అది అక్కడే రాసుకోవాలి.

పాత మాన్యువళ్ళలో పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణం పూయమని ఉంటుంది. అది పాదరస విషం, బడిలోకి రానివ్వకండి. నమూనాల్ని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి డీప్ ఫ్రీజర్‌లో (−18 డిగ్రీలు) వారం ఉంచితే పురుగు, గుడ్లు చస్తాయి. బయటికి తీశాక సంచి గది వేడికి వచ్చే వరకు విప్పకండి, విప్పితే చెమ్మ ఆకు మీద కూర్చుంటుంది.

హైస్కూల్_జీవశాస్త్రం

ధన్యవాదాలు అందరికీ. నేల ఉసిరి మా బడి వెనకే ఉంది. మూడో ప్రశ్న మిగిలింది. దాంతోపాటు ఇంకొకటి: ఈనెలు వలలా ఉంటే ద్విదళ బీజం, సమాంతరంగా ఉంటే ఏకదళ బీజం అని చెప్పేశాను. ఒక పిల్ల చేమాకు తెచ్చి చూపించింది. ఏం చెప్పాలి?

బోటనీ_లెక్చరర్

ఆ పిల్ల చక్కగా చూసింది. చేమ ఏకదళ బీజమే, ఈనెలు మాత్రం వలలా కలుస్తాయి. పెండలం తీగ కూడా అంతే. అటువైపు పొన్న చెట్టు ద్విదళ బీజం, పక్క ఈనెలు ఒకదానికొకటి సమాంతరంగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈనెల్ని మొదటి అంచనాకి వాడండి. తర్వాత వేరు (తల్లివేరా, పీచువేరా), పువ్వు భాగాలు (మూడేసా, నాలుగేసా, అయిదేసా) చూసి ఖాయం చేయండి. సమాంతరంలోనూ రెండు రకాలున్నాయి: వరి, వెదురులో ఈనెలు అడుగు నుంచి కొస దాకా పోతాయి. అరటి, పసుపులో నడిమి ఈనె నుంచి అంచుకి పోతాయి. అరటాకు గాలికి అడ్డంగా చీలేది అందుకే, చీలిక ఈనెల వెంట పోతుంది.

పత్రరంధ్రాలకి మామిడి వద్దు. ఆకు దళసరి, పై పొర కింది కణజాలాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. కుండీల్లో పెంచే రియో తీసుకోండి, అడుగు ఊదారంగులో ఉండేది. ఆకుని ఏటవాలుగా చింపితే చిరుగు అంచున పలచని ఊదా పొర వేలాడుతుంది. దాన్ని ఫోర్సెప్స్‌తో పట్టి లాగి, 3, 4 మిల్లీమీటర్ల ముక్క కోసి వెంటనే నీటి చుక్కలో వేయండి. ఆలస్యమైతే చుట్టుకుపోతుంది. కవర్‌స్లిప్పుని ఒక అంచు ఆనించి నెమ్మదిగా వాల్చండి, ఒకేసారి వేస్తే గాలి బుడగలు నిలుస్తాయి. గుండ్రంగా, నల్లని మందపాటి అంచుతో కనబడేవి బుడగలు, పిల్లలు వాటినే రంధ్రాలు అనుకుంటారు. రియోకి సఫ్రనిన్ అవసరం లేదు. చుట్టూ కణాలు ఊదాగా, రంధ్రానికి ఇరువైపులా ఉండే రక్షక కణాలు ఆకుపచ్చగా విడిగా తెలుస్తాయి. పనిలో పనిగా కవర్‌స్లిప్పు పక్కన 5 శాతం ఉప్పు నీళ్ళ చుక్క వేసి, అవతలి అంచు నుంచి బ్లాటింగ్ పేపరుతో పీల్చండి. కొన్ని నిమిషాల్లో ఊదారంగు కణం గోడని వదిలి లోపలికి కుంచించుకుంటుంది.

మామిడే కావాలంటే పొర తీయకుండా అచ్చు తీయొచ్చు. ఆకు అడుగువైపు తుడిచి, రంగులేని గోళ్ళ పాలిష్ ఒకే పలచని పూత వేసి, 15 నిమిషాలు ఆరనిచ్చి, పారదర్శకమైన సెల్లోటేప్ అంటించి లాగి, స్లైడు మీద అతికించండి. మందంగా పూస్తే ముడతలు పడతాయి, తడి ఆకు మీద పూస్తే తెల్లగా మసకబారుతుంది. నూగు ఉన్న ఆకులకి ఈ పద్ధతి పనికిరాదు. గన్నేరుకీ పనికిరాదు, దాని పత్రరంధ్రాలు అడుగువైపు వెంట్రుకలున్న గుంటల లోపల ఉంటాయి. జిల్లేడు మీద మైనపు పూత ఉంటుంది కాబట్టి ముందు మెత్తని బట్టతో తుడవాలి. తామరాకుకి పైవైపు పూయాలి. నీటి మీద తేలే ఆకుకి కింద గాలి తగలదు, రంధ్రాలన్నీ పైనే ఉంటాయి.

లెక్క కూడా కట్టించొచ్చు. ఐపీసు (కన్ను పెట్టి చూసే కటకం) మీద ఫీల్డ్ నంబరు 18 అని ఉంటే, 40 ఆబ్జెక్టివ్‌లో కనబడే వృత్తం వ్యాసం 18 ÷ 40, అంటే 0.45 మిల్లీమీటర్లు, వైశాల్యం సుమారు 0.16 చదరపు మిల్లీమీటర్లు. వృత్తంలో లెక్కపెట్టిన రంధ్రాల్ని 6.3తో గుణిస్తే చదరపు మిల్లీమీటరుకి ఎన్నో వస్తుంది. ఒకే ఆకు మీద కనీసం 5 చోట్ల చూసి సగటు తీయండి, ఈనెల మీద రంధ్రాలు తక్కువ కాబట్టి ఈనెల్ని తప్పించండి.

వరి_మాగాణి

మీ బడి పిల్లల్లో రైతుల పిల్లలుంటారు కాబట్టి పొలంలో పనికొచ్చే ఆకు పాఠం ఒకటి చేర్చండి. నారుమడిలో ఊదగడ్డి, వరి ఒకేలా ఉంటాయి. పూత వచ్చేదాకా తేడా తెలియక కలుపు మిగిలిపోతుంది.

గడ్డి జాతి ఆకులో కింద కాండాన్ని చుట్టుకునే తొడుగు, పైన పలక అని రెండు భాగాలు. అవి కలిసే చోట పలకని కాండం నుంచి నెమ్మదిగా వెనక్కి వంచి లోపలివైపు చూడాలి. వరికి అక్కడ తెల్లని పలచని నాలుక లాంటి పొర నిలబడి ఉంటుంది, కొస రెండుగా చీలి. దాని రెండు పక్కలా కొడవలిలా వంగిన, నూగున్న చిన్న చెవులు ఉంటాయి. ఊదకి నాలుకా లేదు, చెవులూ లేవు, ఆ చోటు నున్నగా ఉంటుంది. ముదురాకుల్లో వరి చెవులు రాలిపోవచ్చు కాబట్టి పైనుంచి రెండో ఆకు చూడాలి. నారు నాలుగైదు ఆకుల దశలో ఉంటే లెన్సు లేకుండానే కనబడుతుంది. అట్ట మీద పెట్టేటప్పుడు తొడుగుని కొంచెం విప్పి, ఆ అతుకు పైకి కనబడేలా కుట్టండి. మామూలుగా పరిస్తే నాలుక తొడుగు లోపలే ఉండిపోయి రెండు గడ్డీ ఒకేలా కనబడతాయి.